బేగంపేట ఆసుపత్రిలో పది అణాలు



మన కోనసీమవారికి హైదరాబాదు, సికిందరాబాదు నగరములు క్రొత్తవి కావు. అమలాపురమునుండియు, రాజోలునుండియు, కొత్తపేటనుండియు బిడ్డల చదువులకని, ఉద్యోగములకని, పెద్దాసుపత్రికని రాకపోకలు జరుగుచునే యున్నవి. వెళ్లినవారు చార్మినారు చూతురు. సాలార్జంగు మ్యూజియములో గంట కొట్టు బొమ్మను చూచుటకు గడియారము ముందర గుంపులో నిలుచుందురు. ఈసారి వెళ్లినప్పుడు మరియొక చోటు కూడ చూచి రండని మిమ్మును కోరుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ చోటు బేగంపేటలో నున్నది. 2008 వరకు ప్రయాణికుల విమానములు దిగిన పాత విమానాశ్రయమునకు ప్రక్కనే, చెట్ల నడుమ నొక పాత భవనము కలదు. అది చార్మినారువలె గొప్పది కాదు. తెలియనివాడు ఏదో పాత బంగళా అనుకొని దాటిపోవును. ఒకప్పుడది సికిందరాబాదు దండువారి సైనిక ఆసుపత్రి. నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయము సంరక్షణలో, సర్ రోనాల్డ్ రాస్ అను వైద్యుని పేరిట జ్ఞాపకచిహ్నముగా నిలిచియున్నది. 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన ఆయన అక్కడ ఒక దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినిలో చూచి, మలేరియా జ్వరము మనుష్యులకు ఎట్లు సంక్రమించునో దాని మొదటి గుర్తును కనుగొనెను. ప్రపంచ దోమల దినమని ప్రతి సంవత్సరము ఆగష్టు 20న జరుపుచున్నది ఆ సంగతిని బట్టియే.

దోమ కడుపు చూచుటకు సికిందరాబాదు వెళ్లవలెనా, మా ఇంటనే కావలసినన్ని కలవు గదా అని మీరు నవ్వవచ్చును. నవ్వవలసిన మాటయే. వసిష్ఠ, గౌతమి పాయల నడుమ, కాలువలు, బోదెలు, చెరువులు, వరిచేలు, కొబ్బరితోటల నీడలు గల ఈ సీమలో దోమను ఎరుగని గడప లేదు. అందుచేతనే ఆ భవనము హైదరాబాదువారికంటె మనకు ఎక్కువ సంబంధించినదని నా అభిప్రాయము.

సైనిక ఆసుపత్రిలో ఇట్టి పని ఎందుకు జరిగెనని అడుగుదురేమో. యుద్ధమనగానే మనకు కత్తులు, తుపాకులు తోచును. కాని పూర్వకాలపు సైన్యములలో శత్రువు చంపినవారికంటె రోగము చంపినవారే ఎక్కువ. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము తెరచి చూడుడి. ఇశ్రాయేలీయుల సేన పాళెములో నున్నప్పుడు మలవిసర్జనకు పాళెము వెలుపల ఒక చోటు ఏర్పరచుకొనవలెననియు, ప్రతివాడును ఆయుధములతోకూడ గుంట త్రవ్వుటకు ఒక పనిముట్టు ఉంచుకొనవలెననియు, మలమును మట్టితో కప్పవలెననియు మోషే ద్వారా ఆజ్ఞ ఇయ్యబడెను. ఆ ఆజ్ఞకు చూపబడిన కారణము దేవుడు పాళెములో సంచరించుననుటయే. పాయకానా గుంటకును పరిశుద్ధతకును అక్కడ ముడి వేయబడినది. మన ప్రసంగములలో ఈ భాగము చాల అరుదుగా వినబడును. చదువుటకు సిగ్గుపడుదుము కాబోలు.

సికిందరాబాదు 1806లో ఏర్పడిన దండు. అక్కడి సిపాయిలకు చలిజ్వరము కత్తికంటె పెద్ద శత్రువు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో సహితము ఇదే కథ. బర్మా సరిహద్దున 14వ సైన్యమును నడిపిన జనరల్ స్లిమ్ తన జ్ఞాపకములలో 1943వ సంవత్సరపు సంగతి చెప్పుచు, గాయపడి వెనుకకు పంపబడిన ఒక్కొక్క సైనికునికి రోగముచేత పంపబడినవారు 120 మంది చొప్పున ఉండిరని వ్రాసెను. కనుక సైన్యములు వైద్యులను పెంచి పోషించినది కేవలము దయచేత కాదు, అవసరముచేత. రాస్ చేరిన ఇండియన్ మెడికల్ సర్వీసు అనునది సైనిక కొలువే. అందులోని వైద్యుడు మొదట సైనికాధికారి, తరువాతనే తక్కినది. ఏ పటాలమునకు పొమ్మనిన ఆ పటాలమునకు పోవలెను. ఈ సంగతి మనసులో ఉంచుకొనుడి. కథలో ముందుకు అక్కరకు వచ్చును.

ఆ కాలమున జ్వరమునకు కారణమేమని తలంచిరి? చెడుగాలి. మలేరియా అను పేరునకు ఇటలీ దేశపు భాషలో అదియే అర్థము. పల్లపు నేలలనుండి, కుళ్లిన ఆకులనుండి రాత్రివేళ ఒక విషపు ఆవిరి లేచుననియు, దానిని పీల్చినవారికి జ్వరము వచ్చుననియు గొప్ప వైద్యులే నమ్మిరి. 1836లో గ్రోవ్సు దొరగారితో మన దేశమునకు వచ్చి, నరసాపురము కేంద్రముగా గోదావరి డెల్టాలో సువార్త ప్రకటించిన బౌడెన్, బీర్ కుటుంబములవారికిని అంతకుమించి తెలియదు. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టించి, ఆ పనినడుమ ఆరోగ్యము చెడి కొంతకాలము ఆస్ట్రేలియాకు వెళ్లవలసివచ్చిన కాటన్ దొరగారికిని అంతకుమించి తెలియదు. మన పూర్వులు మన్యపు జ్వరమని పిలిచి, కొండగాలి తగిలినదనిరి. గాలికి భయపడి కిటికీలు మూసుకొనుట కొంత మేలే చేసెను, ఏలయనగా దోమ కూడ లోపలికి రాకపోయెను. కారణము తప్పైనను ఫలము కొంత దక్కిన వింతలలో ఇది యొకటి.

మొదటి వెలుగు 1880లో కలిగెను. ఆల్జీరియాలో నున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్, జ్వరపడిన సైనికుని రక్తములో జీవముతో కదలుచున్న సూక్ష్మక్రిమిని కనుగొనెను. ఇదియు సైనిక ఆసుపత్రిలోనే జరిగినది. కాబట్టి చెడుగాలి కాదు, క్రిమి. సరే, ఆ క్రిమి ఒకని రక్తములోనుండి మరియొకని రక్తములోనికి ఎట్లు పోవును? అది ఎవరికిని తెలియలేదు.

ఇక్కడ కథ చీనా దేశము మీదుగా మన బోదకాలును తాకుచున్నది గనుక కొంచెము నిదానించెదను. పాట్రిక్ మాన్సన్ అను స్కాట్లండు వైద్యుడు చీనాలోని అమోయ్ రేవులో పనిచేయుచుండెను. అక్కడను మనకువలెనే కాళ్లు ఏనుగు కాళ్లవలె వాచినవారు, వరిబీజముతో బాధపడువారు అనేకులు. వారి రక్తములో సన్నని దారపు ముక్కలవంటి పురుగు పిల్లలు ఉండుట ఆయన చూచెను. అవి పగటివేళ రక్తములో కానరావు; రాత్రివేళనే బయటి రక్తనాళములలోనికి వచ్చును. రాత్రివేళ మనిషి రక్తము త్రాగునది ఏది? దోమ. 1877లో మాన్సన్ దీనిని పరీక్షింపదలచి, ఆ వ్యాధిగల తన తోటమాలి హిన్-లో అనువానిని దోమలు చేరునట్లు అమర్చిన ఒక గదిలో రాత్రి పండుకొనజేసెను. దీపము వెలుగుచుండగా దోమలు లోపలికి వచ్చెను, వాని రక్తము త్రాగెను, పిమ్మట తలుపు మూయబడెను. ఉదయమున ఆ దోమలను పట్టి దినదినము కోసి చూడగా, పురుగు పిల్లలు దోమలోపల పెరుగుచుండెను. కీటకము మనుష్యుని రోగమును తనలో పెంచునని మొట్టమొదట తేటపడినది ఇట్లే. మన గ్రామములలో ఆరోగ్యశాఖవారు రాత్రి ఎనిమిది గంటలు దాటినతరువాత వచ్చి వ్రేలి రక్తము తీసికొనుటకు కారణమిదే. ఈ వేళలో వచ్చి నిద్ర చెడగొట్టుచున్నారని వారిమీద విసుగుకొనుట న్యాయము కాదు.

అయితే మాన్సన్ అక్కడ ఒక తప్పుదారి పట్టెను. దోమ ఒక్కసారియే రక్తము త్రాగి, గ్రుడ్లు పెట్టి, నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి పురుగు సోకుననియు ఆయన అనుకొనెను. దోమ మరల కుట్టుననియు, ఆ కాటుతోనే రోగమును అప్పగించుననియు ఆయనకు తోచలేదు. 1894లో సెలవుమీద లండనుకు వచ్చిన రోనాల్డ్ రాసుకు మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూపించి, ఇదియు దోమద్వారానే పోవుచున్నదేమో చూడుమని ప్రోత్సహించినవాడు ఈ మాన్సనే. దారి చూపినవాడును ఆయనే, ఆ దారిలో ముల్లు వేసినవాడును ఆయనే.

రాస్ 1857 మే నెలలో అల్మోరాలో పుట్టెను. తండ్రి సైన్యములో అధికారి. 1881లో వైద్యుడుగా కొలువులో చేరెను. 1895లో లండనునుండి తిరిగి వచ్చి 19వ మద్రాసు పదాతిదళముతో సికిందరాబాదు చేరెను. మొదట ఆయన చేసినది మాన్సన్ చెప్పిన నీటి పరీక్షయే. దోమలు చచ్చిన నీటిని కొందరు మనుష్యులచేత త్రాగించెను. వారిలో ఒకడు డోలీ మోయువాడు. దొరలు వానిపేరు లచ్‌మన్ అని వ్రాసిరి, మన లక్ష్మణుడే యని తోచుచున్నది. వానికి కొద్దిపాటి జ్వరము వచ్చెను గాని తక్కినవారికి ఏమియు రాలేదు, పరీక్ష తేలలేదు. నేటి వైద్యనియమములు అట్టి పరీక్షను ఒప్పవు. ఒప్పకపోవుటయే మంచిది. పల్లకి మోసి బ్రదుకువాడు పై అధికారి అడిగినప్పుడు కాదనగలడా?

తరువాత రెండు సంవత్సరములు నిరాశయే. మధ్యలో బెంగుళూరులో కలరా పనికి పంపబడెను. ఉదకమండలము వెళ్లినప్పుడు సమీపపు లోయలో ఆయనకే చలిజ్వరము పట్టెను. 1897 జూన్ నాటికి మరల సికిందరాబాదు వచ్చి పడెను. కోసినవన్నియు చారల దోమలు, బూడిదరంగు దోమలు. ఇంటిలో మనకు ఎక్కువగా కనబడునవి ఇవే. వాటిలో మలేరియా క్రిమి ఎంత వెదకినను లేదు. ఎందుకనగా అవి మలేరియాను మోయు జాతులు కావు. ఈ సంగతి ఆయన ఎరుగడు. తలుపు లేని గోడను రెండేండ్లు తట్టినట్లాయెను.

ఆగష్టు నడిమి దినములలో ఆసుపత్రి మనుష్యులలో ఒకడు ఒక సీసాలో నీటిపురుగులు పట్టి తెచ్చెను. అవి మారి, రెక్కలమీద మచ్చలుగల క్రొత్తరకపు గోధుమవన్నె దోమలు బయలువెళ్లెను. ఆసుపత్రిలో హుస్సేన్ ఖాన్ అను రోగి జ్వరముతో ఉండెను. ఆగష్టు 16వ తేదీన రాస్ వానిని దోమతెర లోపల పండుకొనబెట్టి ఆ దోమలను విడిచెను. కుట్టిన దోమ ఒకటికి ఒక అణా చొప్పున బేరము. పది దోమలు కుట్టెను, పది అణాలు ముట్టెను. పదహారు అణాలు ఒక రూపాయి అని పిన్నలకు పెద్దలు చెప్పవలెను.

ఇక ఆ గదిని మీరు చూచునప్పుడు ఆగష్టు మాసపు ఉక్కను తలంచుకొనుడి. పంకా లాగనిచ్చుటకు వీలులేదు, లాగినచో కోసిన దోమ ముక్కలు ఎగిరిపోవును. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టెను, దాని అద్దము బీటవారెను. చిన్న చిన్న ఈగలు కన్నులలోను చెవులలోను దూరుచుండెను. 20వ తేదీ నాటికి హుస్సేన్ ఖాన్ రక్తము త్రాగిన దోమలలో కొన్ని చచ్చెను, కొన్ని కోయబడెను, మిగిలినవి బహు కొద్ది. ఆ మధ్యాహ్నము ఒక దోమను కోసి, అంగుళము అంగుళముగా అనునట్లు వెదకి, ఏమియు కానక, కన్నులు అలసి, చివరకు మిగిలినది కడుపు మాత్రమే కాగా, దీనిని చూడకనే విడిచిపెట్టుదునా అని ఒక క్షణము తలపోసెను. విడిచిపెట్టలేదు. కడుపు గోడలో గుండ్రని కణము ఒకటి కనబడెను. అది మిల్లీమీటరును వెయ్యి భాగములు చేసినచో వాటిలో 12 భాగములంత వెడల్పుగలది. దాని లోపల నల్లని రేణువులు ఉండెను. మలేరియా రోగి రక్తములోని క్రిమిలో కనబడు నల్లని రేణువులే అవి. మరునాడు మరియొక దోమను కోయగా, అట్టి కణములే మరికొంత పెద్దవై కనబడెను. నాలుగవ దినమున చిన్నవి, అయిదవ దినమున పెద్దవి. అనగా దోమలో క్రిమి పెరుగుచున్నది.

ఆ దినములలోనే రాస్ దేవునికి స్తోత్రము చెల్లించుచు కొన్ని పద్యపంక్తులు వ్రాసి భార్యకు పంపెను. తరువాత కలకత్తాలో ఆయన జ్ఞాపకార్థము కట్టిన ద్వారముమీద ఆ పంక్తులు చెక్కబడినవి. 1927లో ఆ ద్వారమును రాసే స్వయముగా ఆవిష్కరించెను. దీనిని చెప్పి ఆయనను భక్తశిఖామణిగా నిలబెట్టుట నా ఉద్దేశము కాదు. ఆయన గర్విష్ఠి, కోపిష్ఠి. 1898లో మనుష్యుల మలేరియా పూర్తి మార్గమును ఇటలీలో కనుగొన్న గ్రాసీతో ఘనత విషయమై ఏండ్లతరబడి కలహించెను. తనకు దారి చూపిన మాన్సనుతో సహితము చెడెను. 1902లో నోబెల్ బహుమానము పొందినను ఆయన మనసు చల్లబడలేదు. అట్టి మనుష్యుని చేతను దేవుడు కోట్లమందికి మేలు చేయించెను; కోరెషు రాజును వాడుకొన్నవాడు ఆయనే గదా.

సైనికాధికారి కొలువు ఎట్టిదో ముందు చెప్పితిని. కనుగొనిన నెల దినములకే రాసుకు రాజపుతానాలోని ఖేర్వాడాకు బదలీ వచ్చెను. మలేరియా పరిశోధనకు అది తగిన చోటు కాదు. నెలలు వ్యర్థమాయెను. 1898 ఫిబ్రవరిలో కలకత్తా చేరి, మనుష్యులకు బదులు పిట్టల మలేరియాను పట్టుకొని, జులై నెలలో క్రిమి దోమ లాలాజల గ్రంథులలోనికి వచ్చి చేరుట చూచెను. అనగా నీటితో కాదు, కాటుతోనే రోగము సోకును. మాన్సన్ వేసిన ముల్లు అప్పటికి తీయబడినది.

ఇక్కడ ఆగి, నేను మీముందు పెట్టదలచిన ప్రశ్నకు వచ్చెదను. సిరియా సైన్యాధిపతియైన నయమాను కథ మీకు తెలియును. కుష్ఠముచేత పీడింపబడిన ఆ గొప్ప సేనానికి స్వస్థత ఎట్లు దొరకెను? ఎలీషా మాటచేత, యొర్దాను నీటిచేత అందుము. కాని ఎలీషా ఉన్నాడని ఆ ఇంట చెప్పినదెవరు? ఇశ్రాయేలు దేశమునుండి చెరపట్టి తేబడిన చిన్నది. ఆమె పేరు లేఖనములో లేదు. తనను చెరపట్టినవారి ఇంటనే ఆ మేలుమాట పలికినది. అమోయ్‌లో తోటమాలి, సికిందరాబాదులో డోలీ బోయీ, బేగంపేటలో జ్వరపడిన హుస్సేన్ ఖాన్, సీసాలో నీటిపురుగులు తెచ్చిన ఆసుపత్రి మనిషి. వీరిలో ఒక్కడు లేకపోయినను సూక్ష్మదర్శిని ముందర కూర్చున్న దొరకు చూచుటకు ఏమియు ఉండెడిది కాదు. బహుమానములో వారికి వచ్చినది పది అణాలు. జ్ఞాపకచిహ్నము చూడబోయినవారు గోడమీది పేరుతోపాటు వీరినికూడ తలంచవలెనని నా మనవి. రోగిగా మంచముమీద పడియున్నవాడు సంఘమునకు భారమే గాని ఉపయోగము లేదని మనము తలంచుచుందుము. ఆ గదిలో జరిగినదంతయు మంచముమీద పడియున్నవాని రక్తములోనుండియే వచ్చినది.

తరువాత ఏమి జరిగెనో త్వరగా చెప్పెదను. స్వాతంత్ర్యము వచ్చిన 1947 నాటికి మన దేశములో సంవత్సరమునకు ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చుచు, సుమారు 8 లక్షలమంది చనిపోవుచుండిరి. 1953లో జాతీయ మలేరియా నివారణ కార్యక్రమము ఆరంభమై, డి.డి.టి. చల్లుటతో 1960 దాటినతరువాత కేసులు ఒక లక్షకు దిగివచ్చెను. పోయినదనుకొని అలసత్వము వహించుటచేతను, దోమలు మందుకు అలవాటుపడుటచేతను 1976 నాటికి మరల 64 లక్షలు దాటెను. లోకము మొత్తముమీద 2023లో సుమారు 6 లక్షలమంది దీనిచేత మరణించిరి; వారిలో ఎక్కువమంది ఆఫ్రికా ఖండపు పసిబిడ్డలు.

మన సీమలో మన కంటికి ఎదుట నిలిచినది మాత్రము బోదకాలు. ఈ రోగమును మోయునది రాస్ విసిగి పారవేసిన బూడిదరంగు దోమజాతియే. అది మురుగునీటిలో పెరుగును. మురుగు గుంటలో గాని, నిలిచిన కాలువలో గాని నీటిని ఒక గ్లాసులో ముంచి వెలుగులో చూడుడి. తల క్రిందుగా తోక పైకి వ్రేలాడు పురుగులు ఈ దోమ పిల్లలు. నీటిమట్టమునకు సమముగా, పుల్లవలె అడ్డముగా తేలునవి మలేరియా దోమ పిల్లలు. ఈ రెంటిలో ఏదైనను గ్రుడ్డునుండి దోమయగుటకు ఒక వారము, పది దినములు పట్టును. కాబట్టి గాబులు, కుండలు వారమునకొకసారి ఖాళీచేసి ఆరబెట్టుట, కొబ్బరిచిప్పలు నీరు నిలువకుండ బోర్లించుట, ఇంటి మురుగును గుంటగా నిలువనియ్యకుండుట పిల్లలు సైతము చేయదగిన పని. ద్వితీయోపదేశకాండపు పనిముట్టు మన ఇండ్లలో గునపముగా, పారగా ఉన్నదే.

1955లో దేశమందు బోదకాలు నివారణ కార్యక్రమము పుట్టెను. 2004 నుండి సంవత్సరమునకొకసారి ఊరంతటికి మాత్రలు పంచు పద్ధతి వచ్చెను. మన గోదావరి జిల్లాలోను పంచిరి. ఆ మాత్రలు రక్తములోని పురుగు పిల్లలను చంపును. పెద్ద పురుగులు మన శరీరములో ఏండ్లతరబడి బ్రదుకును గనుక ఒక్క సంవత్సరము మ్రింగిన చాలదు, వరుసగా మ్రింగవలెను. పసిపిల్లలకు, గర్భవతులకు, తీవ్రముగా జబ్బుపడినవారికి ఇయ్యరు. తక్కినవారిలో అనేకులు మాత్రలు పుచ్చుకొని, ఆరోగ్య కార్యకర్త గుమ్మము దాటగానే గూటిలో పెట్టిరి. మాకు రోగము లేదు గదా అనిరి. విశ్వాసులలో కొందరు ప్రార్థనయే చాలుననిరి. ఇట్లనుట నాకు సమ్మతము కాదు. వాపు లేనివాని రక్తములోను పురుగు పిల్లలు ఉండవచ్చును. వానిని కుట్టిన దోమ పొరుగువాని బిడ్డను కుట్టును. నా రక్తము నా యొక్కనిదే కాదని దోమ మనకు నేర్పుచున్నది. నయమాను నీటిలో ఏడుమారులు మునుగకపోయినచో ఏమగునో ఆలోచించుడి; ఆయనకు ముందు కోపమే వచ్చెను.

కాలు వాచినవారి సంగతి వేరు. మన మందిరములలో ఆదివారమున చూడుడి. చాపమీద ముందర కూర్చుండక, చీర కుచ్చెళ్లు కాలుమీదికి లాగుకొని, ద్వారముచెంత గోడకు చేరి కూర్చుండు తల్లి కనబడును. బల్లయొద్దకు అందరికంటె చివరగా వచ్చును, లేదా రానేరాదు. పెండ్లిండ్లకు పోదు. ఇది పాపఫలమని ఎవరో ఏనాడో అనిన మాట ఆమె చెవిలో నిలిచియుండును. ఆమె పాపమును గూర్చి మాటలాడినవాడు ఆమె ఇంటివెనుక మురుగును గూర్చి మాటలాడియుండిన బాగుండెడిది. పుట్టుగ్రుడ్డివానిని చూపి శిష్యులు ఇట్టి ప్రశ్నయే వేసిరి. ప్రభువు వారికేమి చెప్పెనో యోహాను 9వ అధ్యాయములో మీరు చదువుకొనగలరు.

వాచిన కాలు మాత్రతో మరల సన్నగిల్లదు. నిజము చెప్పుటయే మేలు. మగవారి వరిబీజమునకు శస్త్రచికిత్స కలదు, సిగ్గుపడి దాచుకొనక ప్రభుత్వాసుపత్రిలో చూపించుకొనవచ్చును. కాలి వాపునకు ఉన్న గొప్ప చికిత్స మాత్రము ఎంతో సులువైనది. మాటిమాటికి వచ్చు చలి, జ్వరము, ఎఱ్ఱని మంట, ఇవే కాలును ఏడాదికేడాదికి ఇంకను లావుచేయును. ముడుతలలోను, వ్రేళ్ల సందులలోను పగిలిన చర్మముద్వారా ప్రవేశించు సూక్ష్మక్రిములు దానికి కారణము. వాటిని ఆపునది శుభ్రత. ఆ కాలును ప్రతిదినము కడుగవలెను.

ఎట్లు కడుగవలెనో చెప్పెదను, మందిరములోని స్త్రీల సమాజమువారు నేర్చుకొని ఇంటింటికి పోయి నేర్పవచ్చును. చన్నీళ్లుగాని, గది వేడిమిగల నీళ్లుగాని ఒక పళ్లెరములో పోయుడి, వేడినీళ్లు వద్దు. మామూలు సబ్బు చాలును. పైనుండి క్రిందికి, ముడుతలన్నిటిలోను, ప్రతి వ్రేలిసందులోను చేతితో మెల్లగా రుద్దుడి. బ్రష్షుతోగాని పీచుతోగాని తోమకుడి. నీళ్లు తేటగా వచ్చువరకు మరల పోయుడి. మెత్తని శుభ్రమైన గుడ్డతో అద్దుడి, తోమినట్లు తుడువకుడి. వ్రేళ్ల సందులలో తడి ఏ మాత్రమును నిలువరాదు. సన్నని గుడ్డపేలిక సందులలో పెట్టి తీయుడి. పగుళ్లు, పుండ్లు ఉన్నచో వైద్యుడు ఇచ్చిన లేపనము రాయుడి. కూర్చున్నప్పుడు కాలు పీటమీద, పండుకొన్నప్పుడు తలగడమీద ఎత్తుగా ఉంచవలెను. తనంతట తాను వంగి కడుగుకొనలేని వృద్ధురాలికి మరియొకరు నేలమీద కూర్చుండి కడుగవలసియుండును.